అవ్వతో తిరిగిన హోటళ్లు

మొన్న నా కూతురు, ఉద్యోగం వచ్చిన సంబరంలో, మమ్మల్నందరినీ రామగుండం దాటాక పెద్ద రోడ్డు మీద కొత్తగా పెట్టిన హోటల్‌కు తీసుకుపోయింది. తలుపు తీయగానే ఏసీ చలి, ఏదో పూల నూనె వాసన, చప్పుడు లేకుండా నడిచే మనుషులు. మేం కూర్చున్నాక ఒకతను వచ్చి సీసాలో నుంచి నీలిరంగు నీళ్లు బల్ల మీద చిమ్మి, మెత్తని కాగితంతో తుడిచి పోయాడు. నాకు తెలియకుండానే ముక్కు ఎగబీల్చాను. సబ్బు వాసన తప్ప మరేమీ రాలేదు. నా చిన్నప్పటి హోటళ్లన్నిటికీ ఒకటే వాసన ఉండేది. అది బల్ల తుడిచిన తడిగుడ్డ వాసన. పొద్దున్నుంచి ఒలికిన సాంబారు, చాయ్, ఉల్లిగడ్డ రసం, మనుషుల మోచేతుల చెమట అన్నీ తాగి, బకెట్ నీళ్లలో మునిగి లేచి, మళ్లీ మన ముందు బల్ల మీద అర్ధచంద్రంలా ఒక తడి మరక గీసిపోయే గుడ్డ. నలుగురు ముక్కు మూసుకునే ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆకలవుతుంది. ఆకలితో పాటు ఒక రకమైన తికమక కూడా కలుగుతుంది. ఎందుకంటే ఆ హోటళ్లకు మేం ఎందుకు తిరిగామో నాకు చాలా కాలం తెలియలేదు. తెలిసిందనుకున్న తర్వాత కూడా పూర్తిగా తెలిసిందని చెప్పలేను.

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు. మా దగ్గర అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపే పని చేసేవాడు. మొదటి షిఫ్టుకు సైరన్ కూసే వేళకు లైనులోని ఇళ్లన్నిటి ముందూ బొగ్గు పొయ్యిలు రాజుకుని, తెల్లని పొగ నేల మీదే పాకుతూ, గల్లీ అంతా మబ్బు దిగినట్టు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఓపెన్‌కాస్టు గనిలో బాంబులు పేల్చితే గూట్లో గిన్నెలు గలగలమనేవి. తీగ మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. అవ్వ వాటిని దులుపుతూ కంపెనీని, ఎండను, కరెంటు ప్లాంటు పొగగొట్టాలను వరుసగా తిట్టేది.

అవ్వకు హోటల్ తిండి అంటే అసహ్యం. బాపు ఎప్పుడన్నా చౌరస్తాలో మిర్చి బజ్జీలు పాత పేపర్లో కట్టించుకుని తెస్తే, నూనె దిగిన ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఎవని ఎంగిలి చేతులో ఏమో" అని మాకు పెట్టి, తాను మాత్రం ముట్టేది కాదు. ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర. ఆదివారం అయితే బోటి కూర. ఇంతకు మించి మనిషికి ఏం కావాలని ఆమె అభిప్రాయం. హోటల్లో కూర్చుని తినే ఆడమనిషిని నేను అప్పటికి చూడలేదు.

మా ఇంట్లో అసలు వంట అవ్వది కాదు, సమ్మయ్య మామది. అవ్వకు తమ్ముడు. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే అవ్వే చంకనేసుకుని పెంచింది. పెళ్లయి ఖనికి వచ్చేటప్పుడు ముందు బట్టల మూటను, తర్వాత తమ్ముణ్ని బస్సెక్కించిందని బాపు నవ్వుతూ చెప్పేవాడు. చదువు అబ్బలేదు. బాయిలో నౌకరీ వస్తుందని ఎదురుచూస్తూ మా క్వార్టరులోనే ఉండేవాడు. ఆ ఎదురుచూపులో చేతులు ఊరుకోక వంట పట్టుకున్నాడు. మగవాడు పొయ్యి ముందు కూర్చుంటే లైనులో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆ తర్వాత గిన్నె తెచ్చుకుని అదే కూర అడిగి పట్టుకుపోయేవాళ్లు.

సద్దుల బతుకమ్మ నాడు ఆయనే నువ్వులు వేయించేవాడు, పల్లీలు పొట్టు ఊదేవాడు, రోట్లో సత్తుపిండి దంచేవాడు. దంచుతూ మధ్యలో పిడికెడు తీసి బెల్లం ముక్కతో నా నోట్లో కుక్కేవాడు. మాటాడటానికి నోరు తెరిస్తే పిండి పొగలా ఎగిరేది. అది చూసి పడిపడి నవ్వేవాడు. మాతో చిర్రగోనె ఆడేవాడు, గోటీలాడి గెలిచి అన్నీ మాకే తిరిగి ఇచ్చేవాడు. ఆయన చేసే వాటన్నిటిలో నాకు ఇష్టం పల్లి చట్నీ. పల్లీలతో పాటు నువ్వులు దోరగా వేయించి, ఎల్లిగడ్డ వేసి, నీళ్లకు బదులు చింతపండు పులుసుతో నూరేవాడు. గంటె నిలబడేంత చిక్కగా ఉండేది. దాన్ని రొట్టె కూడా లేకుండా వేలితో నాకడం నాకు అలవాటు.

ఒక ముసురు రోజు మధ్యాహ్నం, బాపు షిఫ్టు దిగి వచ్చాక అందరం అన్నాలకు కూర్చున్నాం. ఆ రోజు బాయిలో ఏదో గొడవ జరిగిందో, పై ఆఫీసర్ ఏమన్నా అన్నాడో నాకు తెలియదు. బాపు ముఖం ముడుచుకుని ఉంది. సమ్మయ్య మామ రెండోసారి అన్నం పెట్టుకుంటుండగా బాపు తలెత్తకుండానే అన్నాడు.

"ఎన్నొద్దులు తింటవ్ ఇట్ల?"

అంతే. కోపంగా కూడా అనలేదు. మామ గంటెను గిన్నెలో పెట్టాడు. కంచంలో ఉన్నది మెల్లగా, ఒక్క మెతుకు విడవకుండా తిన్నాడు. లేచి చేయి కడుక్కున్నాడు. నా జడ పట్టి గుంజి, వాకిట్లోకి పోయాడు. నేను గోటీల కోసం పోతున్నాడనుకున్నాను. వాన వెలిసింది, పొద్దు గూకింది, మర్నాడు సైరన్ కూసింది, మామ రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో పరిస్థితి నా తలకు ఎక్కలేదు. మామ ఏడీ అంటే అవ్వ, "ఊరికి పోయిండు" అంది. బాపును అడిగితే, "నౌకరీ ఎతుక్కుంటానికి పోయిండు" అన్నాడు. పక్కింటి పెద్దవ్వ నన్ను దగ్గరకు పిలిచి, చెవిలో, "లోపటికి పోయిండంటున్నరు, నిజమేనా బిడ్డా?" అని నన్నే అడిగింది. లోపల అంటే ఎక్కడి లోపల అని నాకు అర్థం కాలేదు. మా లెక్క ప్రకారం లోపల అంటే బాయి లోపల. మామకు బాయిలో నౌకరీ వచ్చిందేమో, అయితే అవ్వ ఏడవటమెందుకు అనుకున్నాను. ఆ రోజుల్లో ఈడొచ్చిన పిలగాడు ఇంట్లో నుంచి మాయమైతే అడవిలో అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిశాడనే ఊరంతా అనుకునేదని, ఎదురుకాల్పుల వార్త వచ్చినప్పుడల్లా అలాంటి ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే. అవ్వ పేపర్ చదవడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు రాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు చదివించేది. ఏవో ఊళ్ల పేర్లు, ఎవరివో పేర్లు. నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆమె పెదవులు నాతో పాటు కదిలేవి. అయిపోయాక, "గంతేనా? ఇంకెవలు లేరుగదా?" అనేది. నేను లేరనేదాన్ని. పేర్లు తక్కువ ఉంటే అవ్వ సంతోషపడుతుందని మాత్రం గమనించాను.

కొన్ని నెలల తర్వాత మా లైను చివర ఉండే ఖాజా చాచా వచ్చాడు. ఆయన లారీ డ్రైవర్, బొగ్గు లోడుతో ఎక్కడెక్కడికో తిరిగేవాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడేది వేరే భాష అయినా మాతో మా మాటే కలిపి మాట్లాడేవాడు. చెప్పులు బయట విడిచి గడపలో కూర్చున్నాడు.

"ఖుదా కసమ్ బహెన్, నా కండ్లతోని సమ్మయ్యను చూసిన. హోటల్ల పొయ్యి కాడ నిలబడ్డడు. బ్రేకు కొట్టేలోపు బండి ముందుకు వచ్చేసింది."

"ఏ హోటల్ అన్నా?" అంది అవ్వ.

చాచా తల గోక్కున్నాడు. కరీంనగర్ రోడ్డా, చాందా రోడ్డా అన్నది ఆయనకే సరిగా యాదికి లేదు. రాత్రి పగలు బండి తోలేవాడికి రోడ్డు పక్క హోటళ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. కానీ అవ్వకు అది చాలు. హోటల్లో ఉన్నాడంటే అడవిలో లేడని అర్థం. పొయ్యి దగ్గర ఉన్నాడంటే అన్నం తింటున్నాడని అర్థం. ఇదంతా నేను తర్వాత పేర్చుకున్నదే. అప్పుడు నాకు తెలిసింది ఏమిటంటే, ఆ మరుసటి ఆదివారం అవ్వ తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టి, "హోటల్‌కు పోదాం పా" అంది. బాపు అంగీ తొడుక్కున్నాడు.

మొదటిది ఇంటికి దగ్గరిదే, చౌరస్తా దాటాక ఉన్న మేడ హోటల్. దానికి అసలు పేరు వేరే ఏదో ఉండేది గాని, చుట్టూ రేకుల దుకాణాల మధ్య అదొక్కటే మేడ కాబట్టి అందరూ అలాగే అనేవారు. ముందు హాల్లో షిఫ్టు దిగిన వాళ్లు కండ్ల చుట్టూ బొగ్గు కాటుకతో కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఉండేవారు. ఆడవాళ్లకు ఒక పక్క పచ్చ కర్టెన్ వేసిన చిన్న గది. అందులో ఫ్యాను తిరిగితే కర్టెన్ ఉబ్బి మా బల్ల మీదికి వచ్చేది. సర్వర్ తడిగుడ్డతో బల్ల తుడిచి, ఒకే చేత్తో మూడు గ్లాసులు, గ్లాసుల్లో మూడు వేళ్లు ముంచి తెచ్చి పెట్టాడు. అవ్వ ఆ వేళ్ల వంకే చూసింది. పూరీలు వచ్చాయి. బుగ్గల్లా పొంగి ఉన్నాయి. వేలితో పొడిస్తే లోపలి నుంచి వేడి ఊపిరి ముఖానికి తగిలింది. ప్రపంచంలో ఇంత మంచి వస్తువు ఉండగా ఇన్నాళ్లు నన్ను జొన్నరొట్టెతో పెంచారా అని నాకు నిజంగా బాధ కలిగింది.

అవ్వ పూరీ ముట్టలేదు. ముందు చట్నీలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కాసేపు కండ్లు మూసుకుంది. తర్వాత చేయి కడుక్కొస్తానని లేచి, నీళ్ల తొట్టి దాటి, వెనక వంటింట్లోకి పోయింది. తిరిగి వచ్చి కూర్చుని, తన కంచం నా వైపు జరిపింది. బాపు ఆమె ముఖం వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చట్నీ బాగాలేదని చెబుతోందనుకున్నాను. నాకు బాగానే ఉంది, రెండు కంచాలు నాకాను.

అట్లా మొదలైంది. ఆ రెండేళ్లలో మేం తిన్నన్ని హోటళ్లలో మా లైను మొత్తం కలిపి తిని ఉండదు. మంచిర్యాల స్టేషన్ ఎదుట పరోటా హోటల్ ఉండేది. పరోటాలు చేసేవాడు వాటిని రెండు చేతుల మధ్య పెట్టి చప్పట్లు కొట్టినట్టు కొడితే పొరలు పొరలుగా విచ్చుకునేవి. రైలు వచ్చినప్పుడల్లా గ్లాసుల్లో నీళ్లు వణికేవి. కరీంనగర్ బస్టాండు దగ్గర పెద్ద హోటల్లో చేతులు కడుక్కునే చోట గోడ నిండా అద్దం. దాంట్లో నన్ను నేను మొదటిసారి కాళ్ల దాకా చూసుకున్నాను. అక్కడ దోస నా రెండు చేతులంత పొడుగు, కంచం అంచులు దాటి బల్ల మీదికి వచ్చేది. వేములవాడలో మొక్కు తీర్చుకున్నాక, పట్టా కట్టిన హోటల్లో ఉప్పుడు బియ్యం అన్నం, పలుచని చారు, విస్తరాకు కింద ఇసుక. చారు ఆకులో నిలవక ఒడిలోకి పారేది. మందమర్రి బజారులో గారెల బండి ఉన్న ఒక ఇరుకు హోటల్‌కు ఎన్నిసార్లు పోయామో. అక్కడి పిన్నమ్మ గారె మధ్యలో వేలు పెట్టి నూనెలో వదిలే తీరు చూస్తూ నేను అన్నం సంగతి మరిచేదాన్ని.

అన్ని చోట్లా అవ్వది ఒకటే తంతు. పల్లి చట్నీ అడిగేది, లేకుంటే అడిగి మరీ వేయించుకునేది. నాలుక మీద పెట్టుకునేది. లేచి వెనక్కి పోయేది. తల ఊపుతూ వచ్చేది. ఒక్క బుక్క మింగేది కాదు. హోటల్ తిండి అంటే పడని మనిషి ఎందుకు హోటళ్లకు పోతోంది, పోయినామె ఎందుకు తినదు, తినని దానికి బాపు ఎందుకు కోప్పడడు, ఇంట్లో ఉప్పు ఎక్కువైతే గిన్నె జరిపేసే బాపు ఇక్కడ ఏది పెడితే అది ఎందుకు తలవంచుకు తింటాడు, ఇవేవీ నాకు అర్థమయ్యేవి కావు. బడిలో పిల్లలు నన్ను అసూయగా చూసేవాళ్లు. ఈ ఆదివారం ఎక్కడ తిన్నావని చుట్టూ మూగేవాళ్లు. నేను పూరీ పొంగును చేతులతో చూపించేదాన్ని. ఇంటికొస్తే అవ్వ పేపర్ పట్టుకుని కూర్చుని ఉండేది. సంతోషం ఏ ఇంట్లో ఉందో, దుఃఖం ఏ ఇంట్లో ఉందో తెలియక, రెండూ మా ఇంట్లోనే ఎట్లా ఉన్నాయో తెలియక ఊరుకునేదాన్ని.

ఒకసారి గోలేటిలో మా మేనత్త కొడుకు పుట్టువెంట్రుకలకు పోయాం. తిరుగు ప్రయాణంలో బస్సు రెబ్బెన దగ్గర ఆగి, టైరు మార్చాలని అందరినీ దింపారు. మంచి ఎండ. మోదుగు చెట్లు ఎర్రగా మండుతున్నాయి. రోడ్డు పక్కన మట్టిగోడల హోటల్, ముందు తాటాకుల పందిరి, పందిరి కింద పొయ్యి. పూరీలు కాలుస్తున్న మనిషి మాకు వీపు చేసి ఉన్నాడు. ముందుకు వంగినప్పుడు మెడ మీద వెన్నుపూస పొడుచుకు రావటం, గంటె పట్టిన చేతినే ఎత్తి జబ్బతో నుదురు తుడుచుకోవటం అచ్చం మామ తీరే. చట్నీ ముందే తెచ్చి పెట్టారు. వేలు ముంచి నాకాను. నువ్వులు, ఎల్లిగడ్డ, చింతపండు పులుపు.

"అవ్వా, ఇది సమ్మయ్య మామ చట్నీ."

అవ్వ అప్పటికే లేచింది. నేను గట్టిగా "మామా" అని పిలిచాను. అతను తిరిగాడు. పొగలోంచి చూశాడు. నాకు ఏ అనుమానమూ లేదు, అది మామే. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు, అంతే. నేను పరిగెత్తబోతే బాపు నా జబ్బ పట్టుకున్నాడు.

అవ్వ పొయ్యి దాకా పోయి నిలబడింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. నూనె చప్పుడులో మాకు ఒక్క ముక్క వినపడలేదు. అతను తల దించుకున్నాడు. గంటె కింద పెట్టాడు. అవ్వ ఏదో అంది, మళ్లీ ఏదో అంది. తర్వాత చేయి చాచి అతని తల మీద పెట్టింది, పిల్లలకు జ్వరం చూసినట్టు. అతను ముఖం పక్కకు తిప్పుకుని జబ్బతో కండ్లు తుడుచుకున్నాడు. అవ్వ వచ్చి మా పక్కన కూర్చుంది.

అవ్వ బాపు వంక చూసి ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపింది.

"మామేగదా అవ్వా?" అన్నాను.

"కాదు బిడ్డా."

కానీ ఆమె ముఖం కాదన్నట్టు లేదు. పూరీ తుంచి, చట్నీలో అద్దుకుని తినడం మొదలుపెట్టింది. ఒకటి తింది, రెండోది తింది, ఇంకొకటి అడిగి వేయించుకుంది. ఆ రెండేళ్లలో ఆమె హోటల్లో తినటం నేను చూసింది అప్పుడే. బాపు మాత్రం తన కంచం ముట్టలేదు. అతను వడ్డించటానికి మా వైపు రాలేదు. బస్సు హారన్ కొట్టాక నేను వెనక్కి తిరిగి చూస్తే పందిరి కింద నిలబడి మా వైపే చూస్తున్నాడు. అవ్వ కిటికీలోంచి చేయి ఊపింది. కాకపోతే చేయి ఎందుకు ఊపుతారు? అయితే ఎందుకు వెంట తీసుకురారు? ఖని దాకా ఏడ్చాను. అవ్వ నా తల ఒళ్లో పెట్టుకుని ఏదో పాత పాట కూనిరాగం తీసింది.

ఆ తర్వాత మేం ఏ హోటల్‌కూ పోలేదు. ఆదివారం పొద్దున్నే నేను జడ వేయించుకుని గడపలో కూర్చుంటే అవ్వ జొన్నపిండి కలుపుతూ, "ఇగ ఎందుకే" అనేది. పేపర్ చదవమనటం కూడా మానేసింది. మేం తిరిగింది మామ కోసమేనని రెబ్బెనలో తెలిసింది, మరి మామ దొరకకుండానే వెతకటం ఎందుకు ఆపారు, దొరికితే ఇంటికి ఎందుకు రాడు? నాకు నేనే ఒక జవాబు చెప్పుకున్నాను. అది మామే. ఏదో పెద్ద కారణం ఉంది, పోలీసుల భయమో మరేదో, అందుకే అవ్వ కాదంది. ఇది ఎవరితోనూ అనకూడని రహస్యమని నిర్ణయించుకుని ఎన్నో ఏళ్లు గుట్టుగా మోశాను.

మామ తిరిగి వచ్చేసరికి నేను ఇంటరు చదువుతున్నాను. పట్టపగలు, నడినెత్తిన ఎండ పెట్టుకుని, భార్యను, చంటిపిల్లను వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తల ముందు భాగం పలచబడింది. గొంతు మాత్రం అదే. అవ్వ చేతిలో ఉన్న చేటను కింద పెట్టి, ఆ పిల్లను తీసుకుని భుజాన వేసుకుంది. ఏడవలేదు. బాపు మంచం మీద నుంచి లేచి, లోపలికి పోయి కాళ్లు కడుక్కోవటానికి చెంబుతో నీళ్లు తెచ్చాడు. అన్నాల వేళ బాపే గంటె అందుకున్నాడు. మామ కంచంలో అన్నం పెట్టాడు, చాలన్నా మళ్లీ పెట్టాడు, మూడోసారి పెట్టబోతే మామ చేయి అడ్డం పెట్టి, "బావా, ఇగ చాలు. కోపం ఎప్పుడో పోయింది. సిగ్గుకే రాలేదు" అన్నాడు. బాపు గంటె పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

అప్పుడు నేను నా రహస్యం బయటపెట్టాను.

"రెబ్బెనల నిన్ను చూసినం మామా. నేను పిలిస్తే నువ్వు పలుకలేదు."

మామ నా వంక వింతగా చూశాడు.

"రెబ్బెననా? నేను గాడ ఎన్నడు పని చెయ్యలే. బల్లార్షాలనే ఉంటి, ఒకటే హోటల్ల."

నేను అవ్వ వైపు తిరిగాను. ఆమె పిల్లకు అన్నం మెత్తగా పిసుకుతోంది.

"నీకు చెప్పిన గదా కాదని" అంది.

"మరి తల మీద చెయ్యెందుకు పెట్టినవ్? మరి ఎందుకు తిన్నవ్ ఆనాడు?"

అవ్వ పిల్ల వంక చూస్తూనే చెప్పింది.

"ఎవ్వల కొడుకో. ఆయన గూడ ఇంటి మీద అలిగొచ్చిండట. నిన్ను చూస్తే మా అక్క యాదికొచ్చింది అన్నడు. నీ తమ్ముడు గూడ ఏడనో ఇట్లనే పొయ్యి కాడ ఉంటడక్కా, ఎతకకు, వానంతట వాడే వస్తడు అన్నడు. నాకు నమ్మబుద్ధయింది. మీ అక్క బుక్క మింగుతలేదు కావచ్చు, నువ్వు జల్ది ఇంటికి పో కొడుకా అని నేనన్న. గంతే."

చట్నీ సంగతి అడిగాను. "నువ్వులు ఎవలేస్తలేరు?" అంది.

మామ మందమర్రిలో సొంతంగా టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. బాపు పోయి చాలా కాలమైంది. మేడ హోటల్ కూల్చి సెల్‌ఫోన్ల దుకాణాలు కట్టారు. పచ్చ కర్టెన్ గది ఉన్న చోట ఇప్పుడొక ఏటీఎం. మేమున్న క్వార్టర్ల లైను ఓపెన్‌కాస్టులోకి పోయింది. ఆ జాగాలో నేల కూడా లేదు, గొయ్యి ఉంది. ఇళ్ల ముందు బొగ్గు పొయ్యిలు లేవు. గారెల పిన్నమ్మ లేదు. స్టేషన్ ఎదుట పరోటాల చప్పట్లు లేవు. పోయిన ఎండాకాలం ఆసిఫాబాద్ పోతూ రెబ్బెనలో కారు ఆపించాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వైపు మట్టిగోడలన్నీ తీసేశారట. ఆ హోటల్ సంగతి అడిగితే ముసలివాళ్లకు కూడా యాదికి రాలేదు. అట్లాంటివి చాలా ఉండేవమ్మా అన్నారు.

నా తికమక మాత్రం పోలేదు. మామ ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఈ ముఖమే తెలుస్తుంది. కానీ కండ్లు మూసుకుని, సత్తుపిండి నోట్లో కుక్కిన ఆ పడుచు మామను తలుచుకుంటే, పొగలోంచి తిరిగి చూసిన ఆ రెబ్బెన మనిషి ముఖమే వస్తుంది. ఎంత ప్రయత్నించినా రెండూ విడదీయలేను. మా ఇంట్లో మామ పడుచుతనంలో తీసిన ఫోటో ఒక్కటీ లేదు. నా బాల్యమంతా మా మామ అని నేను ప్రేమించిన ముఖం ఎవరిదో ఒక పేరు తెలియని వాడిదేమో, చెప్పటానికి ఎవరూ లేరు.

అవ్వ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మొన్న ఆ కొత్త హోటల్లో మనవరాలు తెప్పించినవన్నీ కాస్త కాస్త రుచి చూసి, మంచిగున్నయని మెచ్చుకుంది. నిన్న మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అన్నం వడ్డించి నేను కూడా ఎదురుగా కూర్చున్నాను. ఆమె చేయి కంచంలో పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"గా పిలగాడు ఇంటికి పోయిండంటవా?"

ఏ పిలగాడని నేను అడగలేదు.

"పోయే ఉంటడు అవ్వా."

ఆమె కాసేపు నా ముఖం చూసింది. నేను తెలిసి చెబుతున్నానో, ఊరికే అంటున్నానో తేల్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత తల దించుకుని అన్నం కలుపుకుంది.